ఒక్క రోజులో ముగిసే కొండ, తీర నడకలు: ఎవరి సత్తువకి ఏది?

దారిబత్తెం అడిగారు:

అందరికీ నమస్తే. మేం ఏడుగురం. అరవై దాటినవాళ్లు ఇద్దరు, పదేళ్ల పాప ఒకరు, రోజూ పరుగెత్తే అలవాటున్నవాళ్లు ఇద్దరు, మిగతా ఇద్దరం మధ్యరకం. పొద్దున మొదలుపెడితే చీకటి పడకముందే అయిపోయే నడకలు కావాలి. సగం కొండలు, సగం సముద్రపు ఒడ్డు. అందరూ అన్నీ చేయనక్కర్లేదు, విడిపోయి చేసినా సరే.

ఇప్పటికి రాసుకున్నవి: డైమండ్ హెడ్ (హవాయి), ప్రీకెస్టోలెన్ (నార్వే), ఏంజెల్స్ ల్యాండింగ్ (అమెరికాలోని యూటా), హాఫ్ డోమ్ (కాలిఫోర్నియా), టోంగరీరో (న్యూజీలాండ్), బెన్ నెవిస్ (స్కాట్లాండ్). ఒడ్డు వైపు సెవెన్ సిస్టర్స్ (ఇంగ్లండ్), చింక్వే తెర్రే (ఇటలీ), రియాల్టో బీచ్ (అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం), హనకాపియై (హవాయి).

నాకు అర్థం కానిది ఒకటుంది. ఏంజెల్స్ ల్యాండింగ్ రానుపోను 8.7 కి.మీ. సెవెన్ సిస్టర్స్ దాదాపు 22 కి.మీ. అయినా మొదటిదే కష్టమంటున్నారు. అలాంటప్పుడు కష్టాన్ని దేన్నిబట్టి కొలవాలి? టైం లెక్క ఎలా వేసుకోవాలి? ఒడ్డున నడిచేటప్పుడు విడిగా చూసుకోవలసినవి ఏమైనా ఉన్నాయా?

రాతిమెట్టు:

దారిబత్తెం గారూ, కిలోమీటర్లు చివర్లో చూడండి. ముందు ఎంత ఎత్తు ఎక్కాలో, కాలు జారితే ఎక్కడ పడతామో, మధ్యలో ఎవరికైనా చాలనిపిస్తే ఎక్కణ్ణుంచి వెనక్కి రావచ్చో చూడండి. మీలాంటి కలగలుపు బృందానికి ఈ చివరిదే ముఖ్యం.

టైం లెక్కకి 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు నైస్మిత్ చెప్పిన సూత్రమే ఇప్పటికీ వాడుతున్నాం. 5 కి.మీ.కి ఒక గంట, దానిపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి ఇంకో గంట. దిగేటప్పటి సంగతి తర్వాత లాంగ్‌మ్యూర్ అనే ఇంకో పర్వతారోహకుడు చేర్చాడు: వాలు మెల్లగా ఉంటే 300 మీటర్లకి పది నిమిషాలు తీసెయ్యాలి, నిటారుగా ఉంటే పది నిమిషాలు కలపాలి. నిటారు దిగుడు టైం మిగల్చదు, తింటుంది. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే.

ప్రీకెస్టోలెన్‌తో వేసి చూద్దాం. రానుపోను 8 కి.మీ., అంటే గంటా ముప్పై ఆరు నిమిషాలు. ఎక్కుడు సుమారు 500 మీటర్లు, అంటే యాభై నిమిషాలు. మొత్తం రెండు గంటల ఇరవై ఆరు. కానీ అక్కడ చెప్పే టైం నాలుగు గంటలు. తేడా ఎందుకంటే, ఈ సూత్రం ఆగకుండా నడిచే గట్టివాళ్లకి. అందులో విశ్రాంతి లేదు, ఎదురొచ్చేవాళ్లకి దారివ్వడం లేదు, పాప బూటులో రాయి తీయడం లేదు. మీ బృందానికి వచ్చిన అంకెని ఒకటిన్నరతో హెచ్చించండి. పై లెక్కకి మూడు గంటల నలభై నిమిషాలు వస్తుంది, అది నిజానికి దగ్గర.

ఇక మీ జాబితాలోని కొండలు.

డైమండ్ హెడ్ ఏడుగురూ చేయొచ్చు. ఒకవైపు 1.3 కి.మీ., ఎక్కేది 171 మీటర్లు. 1908లో సైన్యం వేసిన దారి. మొదట్లో సిమెంటు బాట, తర్వాత ఎగుడుదిగుడు రాయి, చివర్లో నిటారు మెట్లు, మధ్యలో 69 మీటర్ల సొరంగం. నీడ దాదాపు లేదు కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. హవాయిలో ఉండనివాళ్లు ముందుగా బుక్ చేసుకోవాలి, 2022 నుంచి ఆ నియమం ఉంది.

ప్రీకెస్టోలెన్ మధ్యరకం. నేపాల్ షెర్పాలు పేర్చిన రాతిమెట్లు చాలాచోట్ల ఉన్నాయి. అరవై దాటినవాళ్లు రోజూ నడిచేవాళ్లయితే నిదానంగా ఎక్కేస్తారు. పైన బండ చదునుగానే ఉంటుంది. అంచున కంచె లేదు, కింద 604 మీటర్ల లోతున ఫియోర్డు, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. బండ మీద ఉన్నంతసేపూ పాప చెయ్యి పెద్దవాళ్లెవరో ఒకరు పట్టుకునే ఉండాలి. వాన పడ్డాక ఆ గ్రానైటు నున్నగా జారుతుంది.

ఏంజెల్స్ ల్యాండింగ్ మీద మీ అనుమానానికి జవాబు. గొలుసుల భాగానికి ముందొచ్చే స్కౌట్ లుకౌట్ అనే మజిలీ వరకు దమ్ముంటే చాలు. వాల్టర్స్ విగిల్స్ అని 21 మెలికలుంటాయి, అవి కూడా గట్టి బాటే. ఆ తర్వాత సన్నటి రాతి వీపు, రెండు పక్కలా లోయ, పట్టుకోవడానికి గొలుసులు. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ అదే గొలుసు పట్టుకుంటారు. సూత్రం ఇక్కడ చేతులెత్తేస్తుంది, ఎందుకంటే మీ వేగం మీ ముందున్న మనిషి భయాన్నిబట్టి ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి గొలుసుల భాగానికి పర్మిట్ కావాలి, స్కౌట్ లుకౌట్ దాకా అక్కర్లేదు. అందుకే మీకు ఇది బాగా కుదురుతుంది: అందరూ లుకౌట్ దాకా వెళ్లండి, పర్మిట్ దొరికిన ఇద్దరు ముందుకెళ్లి రండి.

హాఫ్ డోమ్ మీ పరుగువాళ్లకి మాత్రమే. రానుపోను 23 నుంచి 26 కి.మీ., ఎక్కుడు 1,460 మీటర్లు, పది పన్నెండు గంటలు. చివరి 120 మీటర్లు రెండు ఇనుప తాళ్ల మధ్య, నున్నటి గ్రానైటు మీద. తోలు అరచేతులున్న గ్లవ్స్ పట్టుకెళ్లండి, అలవాటు లేని అరచెయ్యి ఆ తాడు మీద చీరుకుపోతుంది. మబ్బు కమ్ముతుంటే తాళ్ల దగ్గరికే వెళ్లకూడదు. పిడుగుల వేళ బోడి శిఖరం మీద ఇనుప తాడు పట్టుకుని నిలబడటం కన్నా చెడ్డ చోటు లేదు. వేసవి ఉరుములు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే కాబట్టి తెల్లవారకముందే బయల్దేరతారు. పర్మిట్ దీనికీ కావాలి.

టోంగరీరో అలా కాదు. 20 కి.మీ. ఒకవైపు నడక, మాంగటెపోపో దగ్గర మొదలై కెటెటాహి దగ్గర ముగుస్తుంది, ఏడెనిమిది గంటలు. బండి పెట్టిన చోటికి తిరిగి రాము, షటిల్ బస్సు మాట్లాడుకోవాలి. రెడ్ క్రేటర్ అనే అగ్నిపర్వత బిలం దగ్గర దిగేచోట వదులు బూడిద, గులక. మడమ లోతుగా గుచ్చుతూ దిగితే నిలకడ వస్తుంది, వేళ్ల మీద దిగితే జారిపోతారు. ఆ పాయింటు దాటాక వెనక్కి రావడమంటే ఆ గులకలోనే మళ్లీ ఎక్కడం. కాబట్టి వెళ్లాలా మానాలా అన్నది దానికి ముందొచ్చే సౌత్ క్రేటర్ చదును మీదే తేల్చుకోండి. గాలి అక్కడే తోస్తుంటే గట్టు మీద ఇంకా ఎక్కువ. రెడ్ క్రేటర్ దిగాక వచ్చే పచ్చటి చెరువులు అక్కడి ఆదివాసులైన మావోరీలకి పవిత్రం. నీళ్లు తాకకండి, ఈత కొట్టకండి.

ఆటుపోటు:

కొండల గురించి రాతిమెట్టు గారు చెప్పేశారు. ఒడ్డు నడకల్లో మీకు దొరికే టైంని గడియారం కాదు, నీళ్లు తేలుస్తాయి.

పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకని పోటు రోజూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నిన్న పది గంటలకి సులువుగా దాటిన చోటు ఇవాళ అదే పదికి అలాగే ఉండదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ ఎత్తుకి వస్తుంది, ఆటు ఎక్కువ దూరం పోతుంది. కొన్ని తీరాల్లో రోజుకి ఒకటే పోటు ఉంటుంది, ఆ చోటి పట్టికే చూడాలి.

అందరూ పొరబడే సంగతి ఒకటి చెబుతాను. నీరు ఆరు గంటలూ ఒకే వేగంతో పెరగదు. ఆటుకీ పోటుకీ తేడా 4.8 మీటర్లు అనుకోండి. మొదటి గంటలో 0.4 మీటర్లు పెరుగుతుంది, రెండో గంటలో 0.8, మూడో నాలుగో గంటల్లో 1.2 చొప్పున, ఐదులో 0.8, ఆరులో 0.4. మొదటి గంట చూసి 'ఇంకా చాలా టైం ఉంది' అనుకుంటారు. మూడో గంటకి వచ్చిన దారి మునిగిపోయి ఉంటుంది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండముక్కు దాటాలంటే నీరు తగ్గుతుండగానే వెళ్లండి, పూర్తి ఆటుకి గంట ముందు అక్కడ ఉండండి. తిరిగి అదే దారిన రావాలంటే ఆటు తర్వాత ఒక గంటలోపు ఆ ముక్కు దాటేసి ఉండాలి. పట్టికలో టైం వేసవి గడియారానిదా (కొన్ని దేశాల్లో వేసవిలో గంట ముందుకి జరిపేది) మామూలుదా అన్నది కూడా చూడండి, ఒక గంట తేడా అక్కడే వస్తుంది. ఒడ్డుకేసి గాలి వీస్తున్నా, వాతావరణ పీడనం పడిపోయినా నీరు పట్టికలో ఉన్నదానికన్నా పైకి వస్తుంది.

రియాల్టో బీచ్ నుంచి హోల్ ఇన్ ద వాల్ దాకా రానుపోను 5.3 కి.మీ., చదును. ఏడుగురూ వెళ్లొచ్చు, కానీ ఆ రాతి కన్నం గుండా అవతలికి వెళ్లేది ఆటు వేళ మాత్రమే. మెత్తటి ఇసుకలో వేగం బాగా పడిపోతుంది కాబట్టి తడిసి గట్టిపడ్డ ఇసుక మీద నడవండి. ఒడ్డుకి కొట్టుకొచ్చిన పెద్ద పెద్ద దుంగల మీద పిల్లల్ని ఎక్కనీయొద్దు. అల ఒక్కటి తగిలితే చాలు, అంత దుంగా దొర్లుతుంది.

సెవెన్ సిస్టర్స్ పూర్తి నడక సీఫర్డ్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా. పచ్చిక మీద దారి, కాలు జారే భయం తక్కువ, కానీ ఏడు గుట్టలూ వరసగా ఎక్కి దిగుతుంటే మొత్తం ఎక్కుడు 500 మీటర్లు దాటుతుంది. కుక్‌మియర్ నది మూతి దగ్గర అవతలి ఒడ్డు చాలా దగ్గరగా కనిపిస్తుంది. అడ్డంగా దాటబోకండి, ఎక్సీట్ వంతెన దాకా లోపలికి వెళ్లి తిరిగి రండి. ఆ వంతెన దగ్గర బస్సు రోడ్డుంది, అలసినవాళ్లు అక్కడే ఆపేయొచ్చు. సుద్దరాయి అంచులు చెప్పాపెట్టకుండా విరిగిపడతాయి. పైనుంచి చూస్తే గడ్డి కప్పిన నేల గట్టిగానే ఉంటుంది, కింద మట్టి ఎప్పుడో పోయి ఉంటుంది. అంచుకి కనీసం ఐదారు మీటర్లు ఎడంగా నడవండి, కొండచరియ కిందా కూర్చోకండి.

చింక్వే తెర్రేలో మోంటెరోస్సో నుంచి వెర్నాజ్జా 3.5 కి.మీ.యే, కానీ రాతిమెట్లు కాబట్టి రెండు గంటలు పడుతుంది. ఊరూరికీ రైలుంది, మధ్యలో మానేయడానికి ఇంత సులువైనది మీ జాబితాలో లేదు. కోర్నీలియాలో స్టేషను నుంచి ఊళ్లోకి 382 మెట్లని మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ముందే చెప్పండి. చెప్పులతో ఆ దారుల్లోకి వెళ్తే జరిమానా వేస్తారు.

హనకాపియై ఒడ్డు దాకా ఒకవైపు 3.2 కి.మీ., బురదగా ఉంటుంది. ఆ నీళ్లలో దిగకండి, లోపలికి లాగే ప్రవాహం బలంగా ఉంటుంది. అక్కడి వాగు పైన కొండల్లో వాన పడితే నిమిషాల్లో పొంగుతుంది, మీ నెత్తిన ఎండ కాస్తున్నా సరే. నీటి రంగు మారి గోధుమగా కనిపించినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా దాటకుండా ఈవలే ఆగండి. పొంగిన వాగు సాధారణంగా కొన్ని గంటల్లో తగ్గుతుంది.

దారిబత్తెం:

చాలా థాంక్సండీ ఇద్దరికీ. ఏంజెల్స్ ల్యాండింగ్‌ని రెండు భాగాలు చేయడం మాకు సరిగ్గా పనికొస్తుంది. బెన్ నెవిస్ గురించి ఎవరూ రాయలేదు. 1,345 మీటర్లే కదా, అరవైవాళ్లలో ఒకరు వస్తానంటున్నారు. ఆయనకి ఎక్కేటప్పుడు ఏమీ ఉండదు, దిగేటప్పుడే మోకాళ్లు పట్టేస్తాయి.

నెమ్మదినడక:

ఆ '1,345 మీటర్లే' అన్నదగ్గరే జాగ్రత్త పడాలి. నడక మొదలయ్యే గ్లెన్ నెవిస్ దాదాపు సముద్రమట్టంలోనే ఉంది. అంటే మొత్తం ఎత్తు కాళ్లతోనే ఎక్కాలి. రానుపోను 16 నుంచి 17 కి.మీ., ఏడు నుంచి తొమ్మిది గంటలు. వెయ్యి మీటర్లకి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి కింద 15 ఉంటే పైన 6 డిగ్రీలు, దానికి గాలి తోడు. వేసవి మొదట్లో కూడా శిఖరం మీద మంచు మిగిలి ఉండొచ్చు.

అసలు ప్రమాదం పొగమంచు. శిఖరం వెడల్పైన రాళ్ల మైదానం. దిగేటప్పుడు ఒకపక్క గార్డీలూ గల్లీ, ఇంకోపక్క ఫైవ్ ఫింగర్ గల్లీ (గల్లీ అంటే ఇక్కడ కొండలో నిటారుగా దిగే రాతి చీలిక). దారి కనిపించనప్పుడు శిఖరం రాతిస్తంభం దగ్గర్నుంచి మ్యాపు దిక్కు 231 డిగ్రీలకి 150 మీటర్లు, తర్వాత 281 డిగ్రీలకి తిరిగి బాట తగిలేదాకా దిగాలి. ఇవి మ్యాపు గళ్ల ప్రకారం ఇచ్చిన డిగ్రీలు, దిక్సూచిలో పెట్టేటప్పుడు ఆ ఏటి అయస్కాంత తేడా సరిచేయాలి. 150 మీటర్లకి మీకు ఎన్ని అడుగులు పడతాయో కింద చదునులో ముందే లెక్కపెట్టుకోండి. దిక్సూచి వాడటం రానివాళ్లు మేఘం కిందికి దిగిన రోజు పైకి వెళ్లొద్దు.

మోకాళ్ల సంగతి. దిగుడులో తొడ ముందు కండ సాగుతూనే బరువు ఆపాలి, అది అలసిపోయాక బరువంతా కీలు మీద పడుతుంది. చేతికర్రలు రెండూ దిగేముందు ఐదు నుంచి పది సెంటీమీటర్లు పొడవు చేయమనండి. కర్ర ముందు పెట్టి, దాని మీద బరువు వేసి, ఆ తర్వాత కాలు దించాలి. పొడవాటి అంగ వద్దు, ఎత్తు మెట్టు వస్తే పక్కకి తిరిగి దిగాలి. బూటు లేసు చీలమండ దగ్గర ఒక ముడి బిగించి పైకి కడితే పాదం ముందుకి జారదు, గోళ్లు నల్లబడవు. ముందు ఆరు వారాలు వారానికి రెండుసార్లు మెట్లు దిగడం సాధన చేయమనండి. ఎక్కడం కాదు, దిగడమే.

ఆయన కోసం సగం దారి కూడా ఉంది. సుమారు 570 మీటర్ల ఎత్తున హాఫ్‌వే లోకన్ అని పిలిచే చెరువు దగ్గర చదును వస్తుంది. అక్కడ అరగంట కూర్చుని మోకాళ్లు ఎలా ఉన్నాయో చూసుకుని తేల్చుకోవచ్చు. పైకి వెళ్లేవాళ్లు మాత్రం శిఖరం చేరినా చేరకపోయినా ఫలానా గంటకి వెనుదిరుగుతామని కిందే చెప్పి వెళ్లాలి.

రాతిమెట్టు:

నెమ్మదినడక గారి మాటకి ఒకటి కలుపుతాను. ఆ గంట ఎలా తేల్చాలంటే, చీకటిపడే టైం నుంచి రెండు గంటలు తీసెయ్యండి, అందులోంచి దిగడానికి పట్టే టైం తీసెయ్యండి. రాత్రి 9కి చీకటైతే, దిగడానికి మూడున్నర గంటలు పడితే, మధ్యాహ్నం మూడున్నర. హెడ్‌ల్యాంపు ప్రతి ఒక్కరి సంచిలోనూ ఉండాలి, బృందానికి ఒకటి చాలదు. నీళ్లు గంటకి అరలీటరు చొప్పున, ఎండ తీవ్రంగా ఉంటే దానికి రెట్టింపు, కొంత ఉప్పు కలిపినవి. సగం నీళ్లు అయిపోతే సగం దూరం చేరకపోయినా సరే, అక్కడే వెనక్కి తిరగండి.