డాలస్‌లో మొదటి ఇల్లు: రెండో ఏడాది కిస్తీ, నల్లరేగడి నేల, అమ్మేనాటి పన్ను

ప్రశ్న

అందరికీ నమస్కారం. హెచ్-1బీ మీద ఈమధ్యే డాలస్ వచ్చాం. సెలైనా, ప్రోస్పర్ వైపు కొత్త ఇళ్ళు చూస్తున్నాం. బడ్జెట్ 5 లక్షల డాలర్లు. బిల్డర్ ఆఫీసులో చెప్పిన నెల కిస్తీ మాకు అందేలాగే ఉంది. సంతకం పెట్టేముందు ఏమేం చూసుకోవాలి? రేపు వీసా ఇబ్బంది వచ్చి వెనక్కి వెళ్ళాల్సి వస్తే అమ్ముకోగలమా?

జవాబు, ఫ్రిస్కో నుంచి

ఆ కిస్తీని పట్టుకుని బడ్జెట్ వేసుకోవద్దండి. అది మొదటి ఏడాది కిస్తీ. అసలుది రెండో ఏడాది తెలుస్తుంది.

టెక్సస్‌లో జనవరి 1న స్థలంలో ఏముంటే దానిమీదే ఆ ఏడాది ఇంటిపన్ను. ఆ రోజుకి ఉత్త ప్లాటే ఉంటే పన్ను ప్లాటుకే. ఇల్లు 5 లక్షలు, అందులో ప్లాటు లక్ష, రేటు 2.2 శాతం అనుకోండి. మొదటి ఏడాది పన్ను 2,200, అంటే ఎస్క్రోలోకి (పన్ను, బీమాల కోసం బ్యాంకు కిస్తీతోపాటే వసూలుచేసి దాచే ఖాతా) నెలకి 183 డాలర్లు. మరుసటి జనవరికి ఇల్లు లేచి ఉంటుంది కాబట్టి పన్ను 11,000, నెలకి 917. అప్పటిదాకా తక్కువ వసూలైన 8,800ని కూడా బ్యాంకు 12 నెలల్లో రాబట్టుకుంటే నెలకి మరో 733. మొత్తం 183 కట్టేచోట 1,650. సొంతంగా కాపురముండే ఇంటికిచ్చే హోమ్‌స్టెడ్ తగ్గింపు వేయకుండా చెప్పిన లెక్క ఇది; వేసినా దెబ్బ గట్టిగానే ఉంటుంది. ఎస్క్రోని మొదటినుంచే పూర్తయిన ఇంటి విలువ మీద కట్టమని లోన్ ఆఫీసరుని అడగండి. కుదరదంటే ఆ తేడాని నెలనెలా విడిగా దాచండి.

మీరు చూస్తున్న వైపు ఎంయూడీ (నీళ్ళు, మురుగు కాలవల ఖర్చు రాబట్టే జిల్లా), పీఐడీ (రోడ్లు, పార్కుల్లాంటి వసతుల ఖర్చు రాబట్టే జిల్లా) ఉన్న కాలనీలు చాలా ఉన్నాయి. ఎంయూడీ ఉంటే పన్ను రేటు పెరుగుతుంది. పీఐడీ చాలాచోట్ల ఏటా కట్టే విడి మొత్తం, హోమ్‌స్టెడ్ తగ్గింపు దానికి అందదు. పక్కపక్క కాలనీల్లోనే ఒకదానికి ఉండి ఇంకోదానికి లేకపోవచ్చు. సంతకానికి ముందే ఆ నోటీసులు కాగితం మీద తీసుకోండి.

ఇంట్లో దిగగానే డ్రైవింగ్ లైసెన్సులో అడ్రస్ మార్చి, ఇళ్ళకి విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో హోమ్‌స్టెడ్‌కి అప్లై చెయ్యండి. హెచ్-1బీ దానికి అడ్డు కాదు, పైసా ఖర్చు లేదు. స్కూలు పన్ను లెక్కలో ఇంటి విలువలోంచి 1,40,000 తీసేస్తారు. డబ్బులిస్తే మేం చేసిపెడతామంటూ వచ్చే ఉత్తరాలు చించి పారెయ్యండి.

జవాబు, ప్లేనో నుంచి

పై లెక్క అక్షరాలా నిజం. నేను నేల గురించి చెప్తాను. ఇక్కడిది మన నల్లరేగడి లాంటి బంకమట్టే. పత్తిచేలో ఎండాకాలం నెర్రెలు ఎలా విచ్చుతాయో, వాన పడితే ఎలా ఉబ్బుతుందో మీకు తెలుసు. ఆ మట్టిమీద కాంక్రీటు పలక పోసి ఇల్లు కడతారు. ఒకవైపు తడిసి ఇంకోవైపు ఎండితే పలక వంగుతుంది.

ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు తలుపులన్నీ తెరిచి మూసి చూడండి. ఒరుసుకుంటున్నాయా, గొళ్ళెం సరిగ్గా పడుతోందా? తలుపులు, కిటికీల పై మూలనుంచి ఐమూలగా పాకిన పగులు కనిపిస్తే స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవాల్సిందే. బయట పలక మూలన చిన్న పెచ్చు ఊడితే కంగారు పడొద్దు, అది మామూలే. గోడ చుట్టూ మట్టి ఇంటినుంచి బయటికి వాలుగా ఉండాలి. మొదటి 10 అడుగుల్లో 6 అంగుళాల వాలు కొలత. ఇటుకల అడుగు వరసలోని గాలి సందులు మట్టితో మూసుకుపోకూడదు. కాపురం మొదలయ్యాక ఎండాకాలంలో పునాది చుట్టూ సోకర్ హోస్ (పొడుగునా నీరు ఊరే గొట్టం) పెట్టి మట్టిని సమంగా తడపాలి.

ప్రశ్న

కొత్త ఇంటికి కూడా ఇన్‌స్పెక్షన్ కావాలా అండీ? బిల్డర్ పదేళ్ళ వారంటీ ఉందన్నారు.

జవాబు, ప్లేనో నుంచి

కచ్చితంగా కావాలి. ఆ పదేళ్ళు స్ట్రక్చర్‌కే. పనితనానికి మామూలుగా ఏడాది, వైరింగ్, ప్లంబింగ్, ఏసీ లాంటివాటికి రెండేళ్ళు. సొంత ఇన్‌స్పెక్టర్‌ని కాంక్రీటు పోసే ముందు ఒకసారి, గోడలకి షీట్‌రాక్ (లోపలి గోడల జిప్సం పలకలు) కొట్టే ముందు ఒకసారి, చివర్లో ఒకసారి పంపండి. రెండోది మాత్రం వదలొద్దు, షీట్‌రాక్ పడ్డాక లోపలి తప్పు ఎవరికీ కనపడదు. పదకొండో నెలలో మళ్ళీ చేయించి, ఏడాది వారంటీ తీరకముందే జాబితా రాతపూర్వకంగా ఇవ్వండి.

పాత ఇల్లయితే ఆప్షన్ పీరియడ్ ఉంటుంది, అంటే ఫీజు కట్టి, కారణం చెప్పకుండా తప్పుకోగలిగే గడువు. ఆ రోజుల్లో శని, ఆదివారాలు కూడా లెక్కే, చివరి రోజు సాయంత్రం 5 గంటలకి ముగుస్తుంది. ఆప్షన్ ఫీజు 3 రోజుల్లో టైటిల్ కంపెనీకి (అమ్మకం డబ్బు, కాగితాలు చూసే సంస్థ) చేరకపోతే, కారణం చెప్పకుండా తప్పుకునే హక్కు పోతుంది. బిల్డర్ సొంత కాంట్రాక్టుల్లో చాలావరకు ఈ వెసులుబాటు ఉండదు, కట్టిన అడ్వాన్సు తిరిగి రాదు.

జవాబు, ఇర్వింగ్ నుంచి

లోన్ గురించి రెండు ముక్కలు. 2025 మే 25 నుంచి హెచ్-1బీ వాళ్ళకి ఎఫ్‌హెచ్‌ఏ (ప్రభుత్వ బీమా ఉన్న) లోన్ లేదు, ఆ బీమా లేని మామూలు కన్వెన్షనల్ లోన్ చూసుకోండి. ఊర్నుంచి అమ్మానాన్నలు డబ్బు పంపేట్టయితే అది అప్పు కాదని గిఫ్ట్ లెటర్ రాయించి, రెండు వైపుల బ్యాంకు కాగితాలూ దాచండి. ఏడాదిలో లక్ష డాలర్లు దాటితే ఫెడరల్ పన్నుశాఖ ఐఆర్ఎస్‌కి ఫారం 3520 దాఖలు చెయ్యాలి. పన్ను పడదు కానీ చెప్పకపోతే జరిమానా భారీగా ఉంటుంది.

జవాబు, ఫ్రిస్కో నుంచి

అమ్మకం సంగతి మిగిలింది. వీసా పోయినా ఇల్లు మీదే. కానీ కమిషన్లు, టైటిల్ ఖర్చులు పోగా రెండు మూడేళ్ళలో అమ్మితే చేతికేం మిగలకపోవచ్చు.

అమ్మే రోజుకి ముందు ఐదేళ్ళలో రెండేళ్ళు మీ సొంతమై, మీరు కాపురం చేసిన ఇల్లయితే, భార్యాభర్తలకి కలిపి 5 లక్షల డాలర్ల దాకా లాభం మీద ఫెడరల్ పన్ను లేదు. ఆ రెండేళ్ళు ఉన్నాక అద్దెకిచ్చి ఇండియా వెళ్ళిపోతే మూడేళ్ళు దాటకముందే అమ్మండి. అద్దె కాలంలో చూపిన తరుగుదల మీద పన్ను మాత్రం తప్పదు.

అమ్మే రోజుకి పన్ను లెక్కల్లో మీరు నాన్‌రెసిడెంట్ అయితే ఫిర్ప్టా (విదేశీయులు ఇక్కడి ఆస్తి అమ్మితే ధరలోంచి ముందే పన్ను పట్టుకునే చట్టం) వస్తుంది. లాభం మీద కాదు, మొత్తం ధర మీద 15 శాతం పట్టుకుంటారు. కొనేవాళ్ళు తామే ఉండటానికి కొంటే 3 లక్షల దాకా ఏమీ ఉండదు, అక్కణ్ణుంచి 10 లక్షల దాకా 10 శాతం. మీ 5 లక్షల ఇంటికి ఆ లెక్కన 50,000 డాలర్లు. రిటర్న్ వేస్తే రావాల్సింది తిరిగి వస్తుంది కానీ నెలలు పడుతుంది. లాభం తక్కువని ముందే తెలిస్తే ఆ పట్టుకునేది తగ్గించమని క్లోజింగ్ (అమ్మకం పూర్తయ్యే రోజు) లోపే ఫారం 8288-బి పెట్టండి.

విమానం ఎక్కేముందు ఆ ఇంటి పేరుతో, టైటిల్ కంపెనీ ఒప్పుకునే నమూనాలో పవరాఫ్ అటార్నీ ఇక్కడే నోటరీ చేయించండి. తర్వాతైతే హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ దొరకాలి, ఒక్కో నోటరీ ముద్రకి 50 డాలర్లు, ఆపైన అసలు కాగితం కొరియర్‌లో ఇక్కడికి చేరాలి.