కాలనీలో భద్రత మీటింగ్ పెట్టాలి, అందరూ వచ్చేలా ఎలా చేయాలి?

అందరికీ నమస్తే. మాది హనుమకొండలో గోపాల్‌పూర్ వైపు ఒక చిన్న కాలనీ. ఈ మధ్య రెండు ఇళ్లలో దొంగలు పడ్డారు, రెండూ తాళం వేసి ఊరెళ్లిన ఇళ్లే. గేటుకి బయట తాళం, వాకిట్లో ముగ్గు లేదు, మెట్ల మీద పేపర్లు అలాగే పడి ఉన్నాయి, ఇంట్లో ఎవరూ లేరని తెలియడానికి ఇంకేం కావాలి! దసరాకి, మేడారం జాతరకి మా వీధి సగం ఖాళీ అవుతుంది కాబట్టి ఆలోపే అందరం ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడుకోవాలని నా ఆరాటం.

అమెరికాలో నేషనల్ నైట్ అవుట్ అని 1984 నుంచి ఏటా ఇరుగుపొరుగు వాళ్లు, పోలీసులు వీధిలోనే కలుస్తారు, తిండి, ఆటలు కూడా ఉంటాయి. మనకి బతుకమ్మ ఆడే చోటికి ఎలాగూ అందరూ వస్తారు కదా, అక్కడే పెడితే బాగుంటుందా, లేక పండగ హడావుడిలో ఎవరూ వినరా?

పోయినసారి మీటింగ్‌కి ఓనర్లనే పిలిచారు. అద్దెకుండేవాళ్లని, హాస్టల్ పిల్లలని ఎలా రప్పించాలి? రాత్రి ఆలస్యంగా వచ్చేది వాళ్లే, ఏదైనా కంటపడేది వాళ్లకే. పోలీసులు రావాలంటే స్టేషన్‌లో లెటర్ ఇవ్వాలా, నేరుగా ఎస్‌ఐ గారిని అడిగితే చాలా? సైబర్ మోసాలకి 1930 నంబర్ ఉందని పెద్దవాళ్లకి పోలీసులతోనే చెప్పించాలి. మీ కాలనీల్లో సీసీ కెమెరాలకి చందా ఇంటికింత అని వేశారా?

ఇంకోటి, మీటింగ్ అయ్యాక కూరగాయల బండివాళ్లని, పాత సామాన్లవాళ్లని అనుమానంగా నిలదీయడం మొదలవుతుందేమోనని భయం. మీ దగ్గర అది రాకుండా ఎలా చూసుకున్నారు? వరంగల్, కరీంనగర్ వైపు ఇలాంటివి నడిపినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.