అచ్చుకు ముందు కథను మిత్రులకు వినిపించడం మేలా, కీడా?

చిత్తుప్రతి:
మా ఊరిలో నెలకోసారి కూర్చుని కొత్త కథలు చదువుకునే బృందం ఒకటి ఉంది. పోయిన నెల అందులోంచి ఒక యువ కథకుడు తప్పుకున్నాడు. "ఇక్కడ చదివిన కథలన్నీ చివరికి ఒకే చేత్తో రాసినట్టు తయారవుతున్నాయి, నా కథ నాకు మిగలడం లేదు" అన్నాడు. ఆ మాట మీద మాలో రెండు వర్గాలయ్యాయి. అతని బాధలో నిజం లేకపోలేదు. అయినా నేను బృందం పక్షమే. రాసేవారికి తోటి రచయితల తోడు కావాలి, అదీ కథ ఇంకా చిత్తుప్రతిగా ఉన్నప్పుడే కావాలి. అచ్చయిన తర్వాత పడే పూలదండల వల్ల కథకు ఒరిగేదేమీ లేదు.

మన సాహిత్యంలో ఇది కొత్త ఆచారమేమీ కాదు. 1920 ప్రాంతంలో తెనాలిలో తల్లావజ్ఝల శివశంకరశాస్త్రి గారు సాహితీ సమితి అనే రచయితల బృందాన్ని నిలబెట్టారు. నండూరి సుబ్బారావు, చింతా దీక్షితులు, మునిమాణిక్యం, నోరి నరసింహశాస్త్రి అందులోని వారే. పాటల్లో ఎంకిని సృష్టించిన నండూరి చేయి, కథల్లో కాంతాన్ని సృష్టించిన మునిమాణిక్యం చేయి ఒకే సమితివి. ఆ రెండింటికీ ఎక్కడైనా పోలిక ఉందా? మరి "ఒకే చేత్తో రాసినట్టు" అనే నింద బృందానిదా, బృందాన్ని నడిపే తీరుదా? మీరేమంటారు?

ఏకాంతవాసి:
నేను ఆ యువకుడి పక్షం. మీరు సాహితీ సమితి పేరు చెప్పారు కానీ ఇవాళ మన కళ్ళ ముందు నడుస్తున్న బృందాల మాట చెప్పండి. ఒకరి పుస్తకానికి ఇంకొకరు ముందుమాట, ఆ ఇంకొకరి ఆవిష్కరణ సభకు వీరు అధ్యక్షులు. ఒంటెల పెళ్ళిలో గాడిదల పాట గురించి పెద్దలు ఊరికే చెప్పలేదు: ఏమి రూపమని ఒకరు, ఏమి గొంతని ఇంకొకరు, "అహో రూపం, అహో ధ్వని". కథ బాగా లేదని చెప్పే ధైర్యం స్నేహితుడికి ఉండదు, చెప్పినా వినే ఓపిక మనకు ఉండదు. చలం ఎవరి గోష్ఠిలో కూర్చుని తన వాక్యం దిద్దుకున్నారు? లోకమంతా తిట్టిపోస్తున్నా తన వాక్యం తాను రాసుకున్నారు. అందుకే ఆ వాక్యాన్ని వందలో ఉన్నా గుర్తుపట్టగలం. రాసే పని ఒంటరి పని. పదిమంది చేతులు పడితే మిగిలేది పదిమందికీ నచ్చే కథ, అంటే ఎవరినీ కదిలించని కథ.

పాతకాగితం:
ఏకాంతవాసి గారూ, చలాన్ని మాత్రం ఒంటరి అనకండి. ఆయన చింతా దీక్షితులు గారికి రాసిన ఉత్తరాలు పుస్తకంగానే ఉన్నాయి. రమణాశ్రమానికి ఆయన్ని మొదట తీసుకువెళ్ళిందీ దీక్షితులే. నమ్మకాల్లో, రాతల్లో ఉత్తర దక్షిణ ధ్రువాల్లాంటి ఆ ఇద్దరి స్నేహం దశాబ్దాలు నిలిచింది. చలానికి గోష్ఠి అక్కర్లేకపోయి ఉండవచ్చు, మనసు విప్పి రాసుకోవడానికి ఒక మనిషి మాత్రం కావలసి వచ్చారు. బృందం అంటే ఇరవైమంది అని ఎవరన్నారు? ఇద్దరైనా బృందమే.

ఇక విజయనగరం సంగతి. కథకుడు చాసో (చాగంటి సోమయాజులు), కవి శ్రీరంగం నారాయణబాబు, అక్కడే చదువుకున్న కుర్రవాడు ఆరుద్ర. ఆరుద్రకు మార్క్సిజాన్ని పరిచయం చేసింది చాసో. కానీ ఆరుద్ర చాసోలా రాయలేదు, చాసో నారాయణబాబులా రాయలేదు. కలిసి తిరిగినంత మాత్రాన ఒకరి గొంతు ఇంకొకరికి వచ్చేస్తుందన్న భయం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

మహానగరం:
ఒక లెక్క మరిచిపోతున్నారు. బృందాలకు ఆయువు ఉంటుంది. దిగంబర కవులు ఆరుగురు. అసలు పేర్లు వదిలి కొత్త పేర్లు పెట్టుకున్నారు. 1965, 1966, 1968లలో మూడు సంపుటాలు తెచ్చారు. మొదటిదాన్ని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. ఆ ఆరుగురూ విడివిడిగా రాసి ఉంటే తెలుగు దేశం అంతగా ఉలిక్కిపడేదా? పడేది కాదు. తర్వాత 1970లో విరసం (విప్లవ రచయితల సంఘం) వచ్చింది. నలుగురు అటు వెళ్ళారు, భైరవయ్య, మహాస్వప్న వెళ్ళలేదు. దాన్ని నేను వైఫల్యంగా చూడను. పని అయ్యేదాకా కలిసి ఉన్నారు, దారులు వేరైనప్పుడు విడిపోయారు. ఆ యువ కథకుడు తప్పుకోవడాన్ని కూడా ఎవరూ ద్రోహంగా చూడకూడదని నా మనవి.

గడప_దాటి:
ఇంతసేపూ మీరు చెప్పిన పేర్లు ఒకసారి చూసుకోండి. ఒక్క స్త్రీ పేరైనా ఉందా? కారణం నేను చెబుతాను. మా పట్టణంలో గోష్ఠి సాయంత్రం ఆరుకు మొదలై రాత్రి పది దాకా సాగేది. నేను ఎనిమిదింటికి లేవాలి. అంటే నా కథ చదివి, దాని మీద చర్చ వినకుండానే ఇంటికి వెళ్ళేదాన్ని. నేను లేనప్పుడు నా కథ గురించి ఏం మాట్లాడుకున్నారో మర్నాడు ఎవరైనా ఫోను చేసి చెబితే తెలిసేది.

ఒకసారి అత్తాకోడళ్ళ కథ చదివాను. అత్త కోడలి జీతం పాసు పుస్తకం తన బీరువాలో పెట్టుకుంటుంది, అడిగితే నవ్వుతుంది. అంతే కథ. "అత్త మరీ కఠినంగా ఉంది, చివర్లో కొంచెం కరిగించండి" అన్నారు అక్కడి పెద్దలు. అదే కథను తర్వాత నలుగురు రచయిత్రులం కలిసినప్పుడు చదివాను. "ఆ నవ్వును ఇంకో రెండుసార్లు చూపించు, అదే కదా భయపెట్టేది" అన్నారు. వాళ్ళు చెప్పినట్టే చేశాను, కథ నిలబడింది. కాబట్టి బృందం మంచిదా చెడ్డదా అని నన్ను అడగవద్దు. ఆ గదిలో ఎవరున్నారో చెప్పండి, అప్పుడు జవాబిస్తాను. ప్రజాస్వామిక రచయిత్రుల వేదిక లాంటివి ఎందుకు పుట్టాయో ఇప్పటికైనా ఆలోచించండి.

చెన్నపట్నం:
నేను బొమ్మలు వేసేవాడిని, మీ చర్చలోకి పక్కదారిన వస్తున్నాను. చెన్నై దగ్గర ఇంజంబాక్కంలో సముద్రం ఒడ్డున చోళమండలం అనే కళాకారుల గ్రామం ఉంది. మద్రాసు చిత్రకళా కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న కె.సి.ఎస్. పణిక్కర్ గారు, ఆయన శిష్యులు కలిసి 1966లో మొదలుపెట్టారు. పగలు బాటిక్ (మైనం అద్ది రంగులు వేసే) బట్టలు, చేతిపనుల వస్తువులు చేసి అమ్మి, ఆ డబ్బుతోనే దాదాపు పదెకరాలు కొన్నారు. చిత్రాలు అమ్ముడుపోని కాలంలో కడుపు నింపింది ఆ బాటిక్కే. ఎవరి చిత్రం ఎలా ఉండాలో వాళ్ళ సంఘం శాసించలేదు. మీరంతా "సూచన", "విమర్శ" అంటున్నారు. కళాకారుడికి తోటివాళ్ళు ఇవ్వగల గొప్ప సాయం నెల గడవడం, పని చేసుకోవడానికి చోటు. మీ బృందంలో ఎవరికైనా ఉద్యోగం పోతే ఏం చేస్తారు? ఆ సంగతి కూడా మాట్లాడుకోండి.

పొగాకుచేను:
ఏకాంతవాసి గారికి ఒక సంగతి. నేను రాసిన కథలో నాయకుడు పొగాకు బ్యారన్‌లో, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్టంలో, మొదటి రాత్రే మంట ఎగదోస్తాడు. ఆ మంట వెలుగులో తండ్రితో గొడవ. సన్నివేశం బాగా పండిందనుకున్నాను. గోష్ఠిలో మూల కూర్చున్న ఒకాయన కథ మొత్తం విని, "బాబూ, మొదటి రోజు ఆకు పసుపు రంగుకు తిరగాలి, వేడి తక్కువగా ఉంచాలి. అప్పుడే అంత మంట పెడితే ఆకు ఉడికిపోతుంది. మీ వాడు రైతు కొడుకు, ఆ పని చేయడు" అన్నారు. గొడవను ఆకు నడిమి ఈనె ఆరే చివరి రోజులకు మార్చాను. అప్పటికి తండ్రీకొడుకులిద్దరికీ రోజుల తరబడి నిద్ర లేదు, ఆ చిరాకు గొడవకు అసలు కారణమైంది. కథ అక్కడ మలుపు తిరిగింది. ఇది ఏ ఏకాంతంలో దొరికేది?

ఏకాంతవాసి:
పాతకాగితం గారూ, దీక్షితులు గారి విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. పొగాకుచేను గారూ, మీకు దొరికినది పని తెలిసిన మనిషి. అలాంటివారి దగ్గరకు నేనూ వెళతాను. నాకు అభ్యంతరం తోటి కథకుల మీదే. వాళ్ళు మన కథలో తమ కథను వెతుక్కుంటారు. అందరికంటే ముందు ముగింపు మీద పడతారు. గడప_దాటి గారి అత్తను కరిగించమన్నదీ అందుకే. ఎత్తుగడ గురించి, పొరపాట్ల గురించి ఎంతైనా చెప్పండి, ముగింపు జోలికి మాత్రం రావద్దు. అది రచయిత సొంతం.

చిత్తుప్రతి:
గడప_దాటి గారూ, మీ మాట మా బృందానికి నేరుగా తగిలింది. మా సమావేశాన్ని ఆదివారం ఉదయానికి మార్చాలని ఈసారి గట్టిగా పట్టుబడతాను. చెన్నపట్నం గారి ప్రశ్న కూడా అక్కడ పెడతాను.

ముగింపు సంగతి మాత్రం నేను ఒప్పుకోను, ఏకాంతవాసి గారూ. కథ చదివేటప్పుడు రచయిత గొంతు ముగింపు దగ్గరే వణుకుతుంది, లేదా హడావుడి పడుతుంది. ఎదురుగా కూర్చుని విన్నవారికే అది తెలుస్తుంది. "ఇక్కడ మీరు తొందరపడ్డారు" అనే మాట చెప్పకుండా దాచుకుంటే అది మర్యాద అవుతుందేమో, స్నేహం కాదు. ఎలా మార్చాలో చెప్పే హక్కు మాకు లేదు, అంతవరకు మీతో ఏకీభవిస్తాను. తప్పుకున్న అబ్బాయికి ఇవాళే ఫోను చేస్తున్నాను. తన కథను ముగ్గురికే వినిపించమని, ఆ ముగ్గురినీ తననే ఎంచుకోమని అడుగుతాను.