28 ఫిరంగులు చేయాలి, ఏ రెండూ ఒకేలా రావడం లేదు: 1:64 ట్రింకోమలీ కోసం సలహా కావాలి

గాలివాటు:

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా హెచ్‌ఎంఎస్ ట్రింకోమలీ అనే పాత బ్రిటిష్ యుద్ధనౌక నమూనా కడుతున్నాను, 1:64 స్కేలులో. కిట్ కాదు, ఫ్రేముల దగ్గర నుంచి అన్నీ నేనే కోసుకున్నాను. పక్క పలకలు అతికించడం అయింది, డెక్ వేశాను, గన్‌పోర్టులు, అదే ఫిరంగి మూతులు బయటికి చూసే కిటికీలు, తెరిచాను. మూడు నెలలుగా ఫిరంగుల దగ్గరే ఆగిపోయాను.

ఈ ఓడనే ఎందుకు ఎంచుకున్నానంటే దాని కథ నన్ను వదల్లేదు. ఇంగ్లండులో ఓక్ చెక్క కొరత వల్ల దీన్ని బొంబాయిలో మలబారు టేకుతో కట్టించారు. కట్టింది వాడియా కుటుంబం. మొదట పంపిన నక్షాలు జావా అనే బ్రిటిష్ ఓడతో పాటే పోయాయి. 1812 డిసెంబరులో బ్రెజిల్ తీరం దగ్గర అమెరికా ఓడ కాన్‌స్టిట్యూషన్ జావాను ఓడించింది. మళ్లీ నక్షాలు పంపి, కట్టి, 1817 అక్టోబరు 12న నీటిలోకి దించారు. ఆ ఓడ ఇప్పటికీ హార్టిల్‌పూల్‌లో తేలుతూనే ఉంది. అలాంటి ఓడకు కొనుక్కొచ్చిన ఫిరంగులు పెట్టడానికి మనసు ఒప్పలేదు.

పై డెక్‌కు 18 పౌండర్లు, అంటే 18 పౌండ్ల గుండు పేల్చే ఫిరంగులు, 28 కావాలి. నా దగ్గర లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) లేదు. చేతి డ్రిల్‌ను వైస్‌లో బిగించి, 8 మి.మీ. ఇత్తడి కడ్డీని దానికి పట్టించి, ఆకురాయితోనూ ఉప్పుకాగితంతోనూ తిప్పుతూ చేస్తున్నాను. ఇప్పటికి 11 అయ్యాయి. ఒక్కోటి విడిగా చేతిలోకి తీసుకుంటే ముద్దొస్తుంది. 11నీ వరుసగా పెట్టి చూసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. ఒకదాని మూతి లావు, ఇంకోదాని రింగు ఒక మిల్లీమీటరు ముందుకు జరిగింది. వెర్నియర్ పెట్టి కొలిస్తే పొడవు 37.2 నుంచి 38.9 దాకా ఉంది.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. చెక్కతో ఒక క్యారేజ్ (ఫిరంగిని మోసే చక్రాల బండి) చేసి, ఫిరంగి ఎక్కించి పోర్టులో పెడితే మూతి పై అంచుకు తగులుతోంది. అన్నీ మళ్లీ మొదలుపెట్టాలా? లేత్ కొనాల్సిందేనా?

పాత టర్నర్:

గాలివాటు గారూ, ముప్పై ఏళ్లు లేత్ మీద పని చేసినవాణ్ణి. లేత్ కొనమని మాత్రం చెప్పను. లేత్ ఉన్నా 28 ఒకేలా రావాలంటే మూస కావాలి, అది లేకపోతే లేత్ మీద కూడా మీకు వచ్చిన తేడాలే వస్తాయి.

ముందు కొలత సంగతి. మీ పొడవులు చూస్తే ఒక అనుమానం వస్తోంది. 18 పౌండర్ 8 అడుగులు అన్నప్పుడు ఆ 8 అడుగులు వెనక ఉన్న బేస్ రింగు నుంచి మూతి దాకా. వెనక గుండీలా పొడుచుకొచ్చే కాస్కబెల్ ఆ లెక్కలోకి రాదు. 1:64లో అది 38.1 మి.మీ. మీరు కాస్కబెల్‌తో కలిపి 38 చేస్తున్నట్టయితే మీ ఫిరంగులు అన్నీ పొట్టివే. ఒకసారి చూడండి.

రంధ్రం 5.29 అంగుళాలు, అంటే మీకు 2.1 మి.మీ. ట్రన్నియన్లు, అదే క్యారేజ్ మీద ఆనే రెండు చెవులు, వాటి మందం కూడా దాదాపు రంధ్రమంతే. అదే 2.1 మి.మీ. కడ్డీ సరిపోతుంది. అవి ఎక్కడ ఉండాలంటే, బేస్ రింగు నుంచి పొడవులో ఏడింట మూడు వంతుల దూరంలో, అంటే 16.3 మి.మీ. దగ్గర. అవి గొట్టం నడిమధ్యన ఉండవు, కాస్త కిందికి ఉంటాయి. నడిమధ్యన పెట్టిన ఫిరంగి క్యారేజ్‌లో కూరుకుపోయినట్టు కనిపిస్తుంది.

నేను ఎక్కువగా చూసే తప్పు ఇంకోటి. గొట్టాన్ని వెనక నుంచి ముందుకు ఒకే వాలుగా, క్యారట్‌లా సన్నం చేసేస్తారు. అసలు ఫిరంగి అలా ఉండదు. మొదటి రీఇన్‌ఫోర్స్, రెండో రీఇన్‌ఫోర్స్, చేజ్ అని మూడు భాగాలు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య చిన్న మెట్టు. 1:64లో ఆ మెట్టు మందమైన కాగితమంతే. కానీ వెలుగు పడితే నీడ అక్కడే కడుతుంది, కంటికి ఇనుములా అనిపించేది ఆ నీడ వల్లే.

ఇప్పుడు అసలు విషయం. 28 చేయకండి. ఒక్కటి చేయండి. మీరు ఇప్పటికే 11 చేశారు కాబట్టి చేయి తిరిగింది. పన్నెండోది మాత్రం తొందరపడకుండా వారం రోజులు తీసుకుని చేయండి. పలచటి ఇత్తడి రేకులో ఫిరంగి సగం ఆకారం కోసి పెట్టుకుని, తిప్పుతూ మధ్యమధ్యలో ఆపి, ఆ రేకు ఆనించి దీపానికి ఎదురుగా చూడండి. వెలుతురు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఇప్పటికే లోతుగా ఉంది, ఎక్కడ ఆనుతోందో అక్కడే ఆకురాయి పెట్టాలి. రంధ్రం ముందే వేసుకుని ఆ తర్వాత పైభాగం తిప్పండి. చివర్లో వేస్తే డ్రిల్ బిట్ పక్కకు పోతుంది, మూతి గోడ ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా వస్తుంది. లోతు 7 మి.మీ. చాలు.

ఆ ఒక్కదానికీ సిలికాన్‌తో రెండు ముక్కల అచ్చు తీసి, మిగతావి పోత పోయండి. అచ్చు రెండు ముక్కలూ కలిసే గీత ట్రన్నియన్ల మధ్య నుంచి వెళ్లాలి. అలా అయితే చెవులు పాడవకుండా ఊడి వస్తాయి, అతుకు గీత ఇటూ అటూ పక్కన పడుతుంది, ఆకురాయితో రెండు నిమిషాల పని. మూతి వైపు నుంచి పోయండి. మాస్టర్‌లో, అంటే ఆ ఒక్క ఇత్తడి ఫిరంగిలో, రంధ్రాన్ని మైనంతో పూడ్చి అచ్చు తీసి, పోత అయ్యాక ఒక్కోదానికీ రంధ్రం వేసుకోండి. మధ్య గుర్తు మాస్టర్ మీదే చిన్న గుంటలా ఉంచితే ప్రతి పోతలోనూ వస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. సీసం వాడకండి. తేలిగ్గా కరుగుతుంది, అచ్చు బాగా నిండుతుంది, అందుకే మనసు లాగుతుంది. కానీ చెక్క నుంచి, ముఖ్యంగా ఓక్ లాంటి చెక్క నుంచి, ఎసిటిక్ ఆమ్లం ఆవిరి వస్తూనే ఉంటుంది. గాజు పెట్టెలో అది బయటికి పోయే దారి ఉండదు. కొన్నేళ్లకు సీసం మీద తెల్లటి పొడి పుట్టి, లోపలికి తినేస్తుంది. నా మొదటి ఓడ ఫిరంగులు అలాగే పోయాయి. పెట్టె తెరిచి చూస్తే మూతుల మీద పిండి చల్లినట్టు ఉంది. రెజిన్ (పోశాక గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) గానీ, సీసం లేని తగరం మిశ్రమం గానీ వాడండి. లోహం పోసేటట్టయితే అచ్చు లోపల టాల్కం పౌడర్ పలచగా బ్రష్‌తో రాయండి, లోహం మూలల్లోకి బాగా పాకుతుంది. కిటికీ తెరిచి, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకునే చేయండి. అచ్చులో నీటి చుక్క ఉంటే కరిగిన లోహం ఎగజిమ్ముతుంది.

చెక్కపని:

టర్నర్ గారు ఫిరంగి సంగతి చెప్పేశారు. పోర్టు అంచుకు తగలడం క్యారేజ్ తప్పు అని మీరు అనుకుంటున్నారు, నాకైతే అది డెక్ తప్పులా అనిపిస్తోంది. డెక్ పలకలు నక్షాలో ఉన్నదానికంటే అర మిల్లీమీటరు మందంగా వేసినా ఫిరంగి అంత పైకి లేస్తుంది. పోర్టులు ఎలా కోశారు? కింది అంచు డెక్ వంపుకు సమాంతరంగా వెళ్లాలి, పక్క అంచులు నిటారుగా ఉండాలి. కీల్ (ఓడ అడుగు దూలం) నుంచి ఎత్తు కొలిచి కోస్తే ఓడ మధ్యలో సరిపోతాయి, ముందుకూ వెనక్కూ వెళ్లేకొద్దీ తేడా వస్తుంది.

క్యారేజ్‌కు ముందు చక్రాలు పెద్దవి, వెనక చక్రాలు చిన్నవి అన్నది మరిచిపోకండి. డెక్ మధ్యలో ఎత్తుగా, పక్కలకు వాలుగా ఉంటుంది కదా, ఫిరంగి సమంగా నిలవడానికి అలా చేశారు. నాలుగూ ఒకే సైజు పెడితే మూతులన్నీ నీళ్లలోకి చూస్తాయి. మీ సమస్యకు మందు కూడా ఆ చక్రాల్లోనే ఉంది. నాలుగు చక్రాల వ్యాసంలోంచీ అర మిల్లీమీటరు తగ్గిస్తే ఫిరంగి పావు మిల్లీమీటరు దిగుతుంది. మిగతాది పక్క చెక్కల్లో ట్రన్నియన్ కూర్చునే గుంటను లోతు చేసి సరిపెట్టండి. 28కీ ఒకే లెక్కలో చేస్తే ఎవరి కంటికీ పట్టదు.

పక్క చెక్కలు ఒక్కోటీ కోయొద్దు. మెట్ల ఆకారం వచ్చేలా పొడవైన చెక్క దిమ్మను ముందే చెక్కేసి, రొట్టె ముక్కలు కోసినట్టు పలచగా కోసుకుంటూ పోండి. 56 ముక్కలూ ఒకే దిమ్మలోంచి వస్తాయి. బాక్స్‌వుడ్ గానీ పియర్ గానీ వాడండి, పీచు సన్నంగా ఉంటుంది కాబట్టి మెట్ల అంచులు విరగవు.

అన్నట్టు, ఈ ఓడ వంశంలోనే ఒక ఫిరంగి కథ ఉంది. ట్రింకోమలీ లీడా తరగతి ఓడ, ఆ తరగతికి మూలం ఎబే అనే ఫ్రెంచి ఓడ. 1782 సెప్టెంబరులో దాన్ని పట్టుకున్న రెయిన్‌బో అనే బ్రిటిష్ ఓడ మీద ప్రయోగంగా అన్నీ కారొనేడ్లే (పొట్టిగా, పెద్ద నోరుతో ఉండే ఫిరంగులు) పెట్టారు. రెయిన్‌బో ముందు భాగపు డెక్ నుంచి వచ్చి పడ్డ గుండ్ల సైజు చూసి, ఎదురుగా ఉన్నది పెద్ద యుద్ధనౌక అనుకుని ఫ్రెంచి కెప్టెన్ లొంగిపోయాడు. మీ క్వార్టర్‌డెక్ (వెనక భాగంలో ఇంకా పైన ఉండే డెక్) కారొనేడ్లు చేసేటప్పుడు గుర్తుకు రావాలని రాస్తున్నాను. 32 పౌండర్ కారొనేడ్ 4 అడుగులే, మీకు 19 మి.మీ. కానీ రంధ్రం 6.25 అంగుళాలు, దాదాపు 2.5 మి.మీ. పెద్ద ఫిరంగిలో సగం పొడవు, దానికంటే పెద్ద నోరు. దానికి చెవులు ఉండవు, అడుగున ఒక కన్నం, దాంట్లోంచి పిన్ను.

గాలివాటు:

టర్నర్ గారూ, మీ అనుమానమే నిజం. ఇప్పుడే కొలిచాను. కాస్కబెల్‌తో కలిపే చేశాను, 11కి 11. బాధగానే ఉంది, కానీ మళ్లీ మొదలుపెట్టడానికి ఇప్పుడు సరైన కారణం దొరికింది. చెక్కపని గారూ, పోర్టులు డెక్‌కు సమాంతరంగానే ఉన్నాయి. డెక్ పలకలు మాత్రం మీరు చెప్పినట్టే మందం, 1.2 రావాల్సింది 1.7 వచ్చింది.

తాళ్ల సంగతి కూడా ఎవరైనా చెప్పండి. ఒక్కో ఫిరంగికి రెండు పక్కలా టాకిళ్లు (కప్పీలతో లాగే తాళ్లు), ఒక్కో టాకిల్‌కు రెండు కప్పీలు. లెక్కేస్తే 112 కప్పీలు. అన్నీ కట్టాలా?

దారం ఉండ:

కట్టొద్దు. ఫ్రిగేట్ (మీ ఓడలాంటి మధ్యరకం యుద్ధనౌక) పై డెక్‌లో ఎక్కువ భాగం క్వార్టర్‌డెక్, ఫోర్‌కాజిల్ (ముందు భాగంలో ఇంకా పైన ఉండే డెక్) కింద ఉండిపోతుంది. పై నుంచి కనిపించేది నడుమ ఉన్న ఖాళీ దగ్గర ఫిరంగులే. వాటికి మాత్రం పూర్తిగా కట్టండి. లోపలివాటికి బ్రీచింగ్ ఒక్కటి చాలు. నేను ఒకసారి అన్నింటికీ కట్టి, వాటి పైన డెక్ వేసి మూసేసిన రోజు కూర్చుని చాలాసేపు ఆ మూసిన చెక్కనే చూస్తూ ఉండిపోయాను.

బ్రీచింగ్ అంటే ఫిరంగి పేలినప్పుడు వెనక్కి దూకకుండా ఆపే లావు తాడు. టాకిల్ తాడు కంటే రెట్టింపు లావు పైనే ఉండాలి. రెండూ ఒకే దారంతో కడితే బొమ్మ ఓడలా అయిపోతుంది. పొడవు దాదాపు ఫిరంగికి మూడింతలు, కాబట్టి బిగుతుగా కట్టకండి, డెక్ మీద వదులుగా వంపు తిరిగి పడాలి. నూలు దారాన్ని మూడు పాయలుగా మీరే పేనుకుంటే ఆ వంపు సహజంగా పడుతుంది, నైలాన్ అయితే స్ప్రింగులా లేస్తుంది.

అది ఎక్కడి నుంచి వెళ్లాలనేది కాలాన్ని బట్టి ఉంటుంది. 1780ల చివర్లో థామస్ బ్లోమ్‌ఫీల్డ్ తెచ్చిన నమూనాలో కాస్కబెల్ పైన ఒక రింగు ఉంటుంది, తాడు దాంట్లోంచి పోతుంది. అంతకుముందు ఆర్మ్‌స్ట్రాంగ్ నమూనాలో ఆ రింగు లేదు, తాడును కాస్కబెల్ చుట్టూ కట్టేవాళ్లు. ఫ్రెంచి వాళ్లయితే క్యారేజ్ పక్క చెక్కల్లోని కన్నంలోంచి తెచ్చేవాళ్లు. మీది 1817 ఓడ, రింగు తప్పనిసరి. పోతలో అది రాదు, వచ్చినా విరుగుతుంది. 0.4 మి.మీ. రాగి తీగను కాల్చి మెత్తబరిచి, డ్రిల్ బిట్ చుట్టూ చుట్టి కోసుకోండి.

పాత టర్నర్:

1817 అన్నారు కాబట్టి అడుగుతున్నాను, గాలివాటు గారూ, మీరు నిజంగా ఏ సంవత్సరపు ట్రింకోమలీ కడుతున్నారు? 1819లో ఇంగ్లండు చేరాక దాన్ని పాతికేళ్లకు పైగా సేవలోకి దించకుండా నిలిపి ఉంచారు. 1845లో 26 ఫిరంగుల కార్వెట్‌గా (ఫ్రిగేట్ కంటే చిన్న తరగతి యుద్ధనౌకగా) మార్చి, వెనక భాగం కూడా కోసి కొత్తగా కట్టారు. మీ వెనక భాగం పాత పద్ధతిలో ఉంటే 28 పద్దెనిమిది పౌండర్లు సరి. గుండ్రటి వెనక భాగం పెట్టి ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది. అచ్చు తీసే ముందే తేల్చుకోండి.

రంగు గురించి కూడా రెండు ముక్కలు. నల్లటి నలుపు వేయకండి, కాస్త బూడిద రంగు కలపండి. ఇత్తడి మాస్టర్‌ను కూడా ఓడ మీద పెట్టాలనుకుంటే దానికీ మిగతా వాటికి వేసిన రంగే వేయండి. రసాయనంతో నల్లబరిస్తే ఆ ఒక్కటీ వేరే మెరుపుతో నిలబడుతుంది.

గాలివాటు:

పాత వెనక భాగమే, చదునుగా ఉన్నదే. 28 ఖాయం.

మాస్టర్ అయింది. వారం అన్నారు, నాకు 16 రోజులు పట్టింది. 38.1. రేకు ఆనించి చూస్తే ఎక్కడా వెలుతురు రావడం లేదు. నిన్న రెజిన్‌తో మొదటి నాలుగు పోశాను. ఒకదానికి కాస్కబెల్ దగ్గర గాలి బుడగ పడింది, మిగతా మూడూ బాగా వచ్చాయి. వాటిని పాత 11 పక్కన కాకుండా విడిగా, డెక్ మీద వరుసగా పెట్టి, కంటిని పోర్టుల ఎత్తుకు దించి చూశాను. మూడు మూతులూ ఒకే గీత మీద ఉన్నాయి. మా ఆవిడను పిలిచి చూపించాను.

బుడగ పోవాలంటే అచ్చులో కాస్కబెల్ చివర నుంచి గాలి పోవడానికి సన్న దారి కోయాలా, లేక అచ్చును తలకిందులు చేసి వెనక నుంచి పోయాలా?

పాత టర్నర్:

తలకిందులు చేయకండి, మూతి నుంచే పోయండి. కాస్కబెల్ చివర నుంచి సన్న దారి కోసి, దాన్ని అచ్చు పక్క నుంచి పైదాకా తీసుకురండి. పోశాక అచ్చును బల్ల మీద మెల్లగా తట్టండి. ఆ దారిలో రెజిన్ పైకి కనిపించిందంటే లోపల నిండినట్టే.