కంకర కనుమ ఎక్కడానికి 34×34 గేర్ (ముందు 34 పళ్లు, వెనక 34) చాలలేదు. క్రాంక్ మార్చాలా, క్యాసెట్ మార్చాలా?

కనుమబాట

పోయిన వేసవిలో ఒక కనుమ ఎక్కాను. మొత్తం 14 కిలోమీటర్లు, మొదటి 8 తారు, పైన 6 కంకర. వాలు సగటున 9 శాతం. కంకర మొదలయ్యాక రెండు మూడు చోట్ల 13 దాకా పోతుంది.

నా బైక్‌కి ముందు పెడళ్ల క్రాంక్ మీద 50, 34 పళ్ల రెండు చైన్‌రింగులు (50/34), వెనక చక్రం మీద 11 నుంచి 34 పళ్ల దాకా 11 చక్రాల క్యాసెట్ (11-34, 11 స్పీడ్). తారు మీద అతి చిన్న గేర్‌లో ఆగకుండా ఎక్కాను, కష్టమైనా లయ తప్పలేదు. కంకర మీద నాలుగో హెయిర్‌పిన్ దగ్గర కథ మారిపోయింది. మలుపు లోపలి అంచు పట్టుకుని వెళ్లాను, అక్కడే వాలు ఎక్కువ. పెడల్ పైకొచ్చి గట్టిగా తొక్కిన క్షణంలో వెనక టైరు కింద రాళ్లు పూసల్లా దొర్లాయి. చక్రం అక్కడికక్కడే తిరిగింది, బైక్ మాత్రం కదల్లేదు. కాలు దించి నిలబడ్డాను. మళ్లీ ఎక్కుదామని మూడుసార్లు చూశాను. ప్రతిసారీ ఒక కాలు తొక్కేలోపే, రెండో కాలు పెడల్ మీద పడకముందే బైక్ ఆగిపోయింది. చివరికి ఆ మలుపు నుంచి రెండు కిలోమీటర్లు తోసుకుంటూ నడిచాను. తర్వాత రెండు వారాల పాటు మోకాలి చిప్ప కింద నొప్పి.

తెలిసినవాళ్లని అడిగితే, 34కి 34 అంటే ఒకటికి ఒకటి, అంతకంటే ఏం కావాలి, కాళ్లు గట్టిపడాలి అన్నారు. నేను ఆరు నెలలు కష్టపడ్డాను, కాళ్లు గట్టిపడ్డాయి కూడా. కానీ ఈసారి బ్యాగులతో వెళ్తున్నాను. నా బరువు 72 కిలోలు, బ్యాగులతో కలిపి బైక్ 18. టైర్లు 700×40. పవర్ మీటర్ ప్రకారం రెండు గంటలకు పైగా నిలకడగా 150 వాట్లు తొక్కగలను, కాసేపైతే 200.

అడగదలచుకున్నది ఇదీ: 46/30 క్రాంక్‌కి మారాలా, లేక ముందు ఒకే చైన్‌రింగ్ పెట్టి వెనక 42 పళ్ల క్యాసెట్ వేయాలా? ఇంకో మూడు నెలలు టైముంది. ఆ కనుమ మొత్తం తొక్కుతూనే ఎక్కాలని నాకు చాలా గట్టిగా ఉంది.

మెల్లగా_పైకి

మీ కాళ్ల తప్పు లేదండీ. అంకెలు వేసి చూద్దాం, టెన్షన్ తగ్గుతుంది.

మీరు, బైక్, బ్యాగులు కలిపి 90 కిలోలు. 9 శాతం వాలులో ఆ బరువు మిమ్మల్ని వెనక్కి లాగే బలం 79 న్యూటన్లు. కంకర మీద టైరు దొర్లడానికి ఇంకో 11 వేసుకుందాం. మొత్తం 90. మీ 150 వాట్లలో చైన్ దగ్గర కొంచెం పోయి 145 చక్రానికి చేరుతుంది. 145ని 90తో భాగిస్తే సెకనుకు 1.6 మీటర్లు, అంటే గంటకు 5.8 కిలోమీటర్లు. మీరు ఏ గేర్ వేసినా ఆ వాలులో ఆ వాట్లతో వచ్చే వేగం ఇంతే. గేర్ నిర్ణయించేది ఆ వేగం దగ్గర కాళ్లు ఎంత చురుగ్గా తిరుగుతాయన్నది మాత్రమే.

700×40 టైరు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. 34×34లో పెడల్ ఒక చుట్టు తిరిగితే బైక్ 2.2 మీటర్లు ముందుకెళ్తుంది. గంటకు 5.8 కిలోమీటర్ల దగ్గర నిమిషానికి 44 చుట్లు. 13 శాతం దగ్గర మీరు 200 వాట్లు పెట్టినా 42కి మించదు. తారు మీద 44తో ఎలాగోలా నెట్టుకురావచ్చు. కంకర మీద కుదరదు, ఎందుకంటే నెమ్మదిగా తొక్కేటప్పుడు బలమంతా పెడల్ కిందికి దిగే ఆ కొద్ది భాగంలోనే పడుతుంది. ఆ గుంజుడుకి టైరు పట్టు విడుస్తుంది. మీరు చెప్పిన పూసల్లాంటి రాళ్లు అందుకే దొర్లాయి. అవే వాట్లని 55 చుట్ల మీద పంచితే ఒక్కో తోపు చిన్నదవుతుంది, రాయి కదలదు. మోకాలికీ అదే మేలు.

నా అనుభవంలో కంకర మీద కూర్చుని తొక్కడానికి 50 చుట్లు కింది హద్దు. మీ లెక్కలో 30×34 వేస్తే 9 శాతంలో 50, 13 శాతంలో 200 వాట్లతో 47. 30×36 వేస్తే 53, 50. 40×51 అయితే 56, 53.

వెనక 42 అన్న అంకె చూసి మురిసిపోకండి. సింగిల్ చైన్‌రింగ్ బైకులకి ముందు సాధారణంగా 40 ఉంటుంది. 40ని 42తో భాగిస్తే 0.95. మీకిప్పుడున్నది 1. అంత మార్పిడి చేసి మీకు దక్కేది ఐదు శాతం. నేను ఈ పొరపాటు స్వయంగా చేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. క్యాసెట్‌లో పెద్ద పళ్ల చక్రం చూడటానికి పళ్లెమంత ఉంటుంది, ఇక కొండ ఎక్కేసినట్టే అనిపిస్తుంది. ముందు చక్రంతో భాగించి చూసేదాకా అసలు సంగతి తెలియదు.

బరువు గురించి కూడా ఒక మాట. బ్యాగుల్లోంచి నాలుగు కిలోలు తీసేస్తే మొత్తంలో దాదాపు నాలుగున్నర శాతం తగ్గుతుంది. వెనక 34ని 36 చేస్తే గేర్ ఆరు శాతం తేలికవుతుంది. రెండూ చేయండి.

చైన్_మరక

పైవారి లెక్కతో ఏకీభవిస్తాను. ఇప్పుడు బైక్‌కి ఏది పడుతుందో చూద్దాం, చాలామంది ఇరుక్కునేది అక్కడే.

మీ 50/34 క్రాంక్ మీద 34 కంటే చిన్న చైన్‌రింగ్ పెట్టే ఆశ వదులుకోండి. బోల్టులు కూర్చునే వలయం పెద్దది, అంతకంటే చిన్న రింగ్ దాని మీద పట్టదు. కాబట్టి 30 కావాలంటే క్రాంక్ మొత్తం మారాలి. షిమానో కంపెనీ కంకర బైకుల కోసం చేసే జీఆర్ఎక్స్ 46/30 తీసుకుంటే చైన్‌రింగులు రోడ్ క్రాంక్ కంటే 2.5 మిల్లీమీటర్లు బయటికి ఉంటాయి. లావు టైరుకి చోటు కోసం అలా చేశారు. అందువల్ల ముందు డిరైలర్ (చైన్‌ని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపేది) కూడా జీఆర్ఎక్స్‌దే వేయాలి. పాతదాన్ని సర్దుతూ కూర్చుంటే సాయంత్రాలు వృథా అవుతాయి. 50 నుంచి 46కి దిగుతున్నారు కనుక డిరైలర్‌ని కిందికి జరపాలి కదా, మీ ఫ్రేమ్ మీద దాని బ్రాకెట్‌కి ఆ చోటుందో లేదో కొనేముందే స్కేలు పెట్టి కొలవండి.

వెనక డిరైలర్ సంగతి. మీది పొడుగు కేజ్ (చైన్‌ని బిగువుగా పట్టే రెండు పుల్లీల చట్రం) ఉన్న రోడ్ డిరైలర్ అయ్యుంటుంది. కంపెనీ లెక్కలో దాని పరిమితి 34 పళ్లు. నా బైక్‌లో అలాంటిదే 36తో రెండేళ్లుగా నడుస్తోంది, పుల్లీని క్యాసెట్ నుంచి దూరం జరిపే వెనకున్న బీ స్క్రూని బాగా బిగించాల్సి వచ్చింది. కానీ ఫ్రేమ్‌ని బట్టి, డిరైలర్ తగిలించే హ్యాంగర్ పొడవుని బట్టి ఇది మారుతుంది. స్టాండ్ మీద పెట్టి, పైన పుల్లీ 36 పళ్లకి రాసుకోకుండా తిరుగుతోందా లేదా కళ్లారా చూశాకే రోడ్డెక్కండి.

అన్నిటికంటే ముఖ్యం చైన్ పొడవు. ముందు 46, వెనక 36 మీద చైన్ వేసి చూడండి. ఎప్పుడూ ఆ గేర్ వాడను అనుకుంటారు, అలసిపోయినప్పుడు చెయ్యి దానంతటదే లివర్ నొక్కేస్తుంది. చైన్ పొట్టిగా ఉంటే డిరైలర్ విరుగుతుంది, హ్యాంగర్ కూడా పోతుంది, కొండ మధ్యలో. పొడుగ్గా ఉంటే నష్టం చిన్నదే: ముందు చిన్నది, వెనక చిన్నది వేసినప్పుడు వేలాడుతుంది. ఆ గేర్ మీకు అక్కర్లేదు.

ఇంకొకటి. 11 స్పీడ్ రోడ్ హబ్ (వెనక చక్రం ఇరుసు భాగం) మీద షిమానో 11-34 క్యాసెట్ వెనక 1.85 మిల్లీమీటర్ల పలచటి స్పేసర్ రింగు ఉంటుంది. కొత్త క్యాసెట్‌కి అది ఉండాలో తీసేయాలో చూసుకోండి. తీయాల్సిన చోట మర్చిపోతే క్యాసెట్‌ని బిగించే లాక్‌రింగ్ సరిగా పట్టదు.

11 స్పీడ్ రోడ్ గేర్ లివర్లతో మౌంటెన్ బైక్ వెనక డిరైలర్ వేద్దామనుకుంటే వద్దు. కేబుల్ లాగే కొలత వేరు, గేర్లు కుదరవు. 51 పళ్లు కావాలంటే 12 స్పీడ్‌కి మారాలి: లివర్లు, డిరైలర్, క్యాసెట్, చైన్, ఆ క్యాసెట్ పట్టే హబ్ బాడీ, అన్నీ. కొత్త బైక్ కొనేవాళ్లకి ముందు 38, వెనక 51 నేను కళ్లు మూసుకుని చెప్తాను. ఉన్న బైక్‌కి మాత్రం 46/30, 11-36.

చివరి_మలుపు

నేను ఇటలీలో కొల్లే దెల్లే ఫినెస్త్రె ఎక్కాను, సూసా వైపు నుంచి. 18.5 కిలోమీటర్లు, సగటు 9 శాతం పైనే, చివరి 8 కిలోమీటర్లు దాదాపు మొత్తం మట్టి, కంకర. శిఖరం 2178 మీటర్లు. ఇటలీ పెద్ద సైకిల్ రేసు జీరో ద’ఇటాలియా అక్కడికి మొదటిసారి 2005లో వచ్చింది. 2018లో క్రిస్ ఫ్రూమ్ ఒంటరిగా విడిపోయి 80 కిలోమీటర్లు పోయిందీ, 2025లో సైమన్ యేట్స్ రేసునే తిప్పేసిందీ ఆ కొండ మీదే. ఆ వీడియోలు చూసి వాళ్లు ఏ గేర్ వాడారో వెతికేవాళ్లని చూశాను. దయచేసి ఆ దారి పట్టకండి. వాళ్లు ఒంటి బరువులో కిలోకి 5, 6 వాట్లు తొక్కుతారు. మీరు రెండు గంటలు తొక్కేది కిలోకి రెండు. వాళ్లకి నిలబడి ఎగిరే వాలు మనకి కూర్చుని పాకే వాలు.

నేను ఎక్కింది 30×36తోనే, మీకంటే కొంచెం తక్కువ బరువుతో. కింద అడవిలోని మలుపుల్లో ఇంత చిన్న గేర్ ఎందుకా అనిపించింది. తారు అయిపోయి మట్టి మొదలైన పది నిమిషాలకే ప్రాణం లేచొచ్చింది. పైన నాలుగు కిలోమీటర్లు మొత్తం అదే గేర్. ఇంకోటి ఉంటే అదీ వాడేదాన్ని.

గేర్ సరిపోయాక మిగతాది కూర్చునే తీరులో ఉంటుంది. సీటు ముక్కు మీదికి జరిగి, మోచేతులు కిందికి వంచి, ఛాతీ హ్యాండిల్ వైపు దించాను. నిలబడ్డానంటే వెనక చక్రం మీద బరువు తగ్గి జారుతుంది. మరీ వెనక్కి కూర్చుంటే ముందు చక్రం తేలి బైక్ అటూ ఇటూ తిరుగుతుంది. రెంటి మధ్యా ఒక జానెడు చోటు ఉంది, అది దొరికితే బైక్ నేలకి అతుక్కున్నట్టుంటుంది. మలుపుల్లో లోపలి అంచు వదిలేసి బయటివైపు వెళ్లండి, దూరం కొంచెం ఎక్కువైనా వాలు తక్కువ. మీరు ఆగిపోయిన చోటు గురించి చదువుతుంటే అదే అనుకున్నాను. టైర్లలో గాలి నేను వెనక 36, ముందు 32 పీఎస్ఐ పెట్టాను. మీరు బరువెక్కువ కాబట్టి కొంచెం పెంచండి, కానీ తారుకి పెట్టినంత వద్దు.

ఆగిపోతే నేరుగా పైకి మొహం పెట్టి ఎక్కకండి. వేరే బండ్లు రావడం లేదని చూసుకుని, బైక్‌ని రోడ్డుకి అడ్డంగా తిప్పి, అడ్డంగా రెండు తొక్కులు తొక్కి, తర్వాత పైకి తిప్పండి.

పెద్ద గేర్ పోతుందన్న బెంగ పెట్టుకోవద్దు. కంకర మీద దిగేటప్పుడు చేతులు బ్రేకుల మీదే ఉంటాయి.

కనుమబాట

అందరికీ చాలా థాంక్స్. ముఖ్యంగా 40ని 42తో భాగించమన్న మాటకి. నేను ఆ క్యాసెట్ ఆర్డర్ పెట్టడానికి ఒక్క రోజు దూరంలో ఉన్నాను.

46/30 జీఆర్ఎక్స్ క్రాంక్, దానికి సరిపోయే ముందు డిరైలర్, 11-36 క్యాసెట్ తీసుకున్నాను. మూడు వారాలైంది. పాత క్యాసెట్ తీసి చూస్తే ఆ పలచటి స్పేసర్ గ్రీజులో అతుక్కుని ఉంది, ముందే చెప్పకపోతే హబ్‌లో భాగమనుకుని వదిలేసేదాన్ని. కొత్త క్యాసెట్ రోడ్ హబ్‌కి నేరుగా సరిపోయేది, స్పేసర్ అక్కర్లేదు. పాత చైన్‌ని 46, 36 మీద వేస్తే డిరైలర్ కేజ్ ముందుకి నిటారుగా సాగిపోయింది, ఇంకొంచెం లాగితే విరిగేటట్టే ఉంది. వెంటనే తీసేసి, రెండు లింకులు ఎక్కువ ఉంచి కొత్త చైన్ కోశాను. బీ స్క్రూ దాదాపు చివరిదాకా బిగించాక పుల్లీ పళ్లకి తగలకుండా తిరుగుతోంది.

నిన్న బ్యాగులన్నీ కట్టుకుని 12 శాతం వాలున్న కంకర ముక్క మీదికి వెళ్లాను. పొడవు 400 మీటర్లే, కానీ రాళ్లు అలాంటివే. కావాలనే మధ్యలో ఆగాను. బైక్‌ని అడ్డంగా తిప్పి, సీటు ముక్కు మీదికి జరిగి తొక్కాను. మొదటిసారికే కదిలింది. పైకి వెళ్లేదాకా కేడెన్స్ (నిమిషానికి పెడల్ చుట్లు) 51, 52 మధ్య ఉంది, చక్రం ఒక్కసారే చిన్నగా జారి మళ్లీ పట్టుకుంది. ఐదుసార్లు ఎక్కి దిగాను. మోకాలు ఇవాళ మామూలుగానే ఉంది.

ఒక్కటి మిగిలింది. 46 నుంచి 30కి దించేటప్పుడు చైన్ రెండుసార్లు లోపలికి పడిపోయింది, రెండుసార్లూ వెనక పెద్ద పళ్ల మీద ఉన్నప్పుడే. ముందు డిరైలర్ ఎంతవరకు జరగాలో ఆపే లిమిట్ స్క్రూ పావు చుట్టు తిప్పితే ఈసారి దిగడం మానేసింది. చైన్ పడకుండా ఆపే క్యాచర్ పెట్టాలా, లేక వాలు మొదలవ్వకముందే దించుకోవడం అలవాటు చేసుకోవాలా?

చైన్_మరక

రెండూ. క్యాచర్ పెట్టేటప్పుడు చైన్ 30 మీద, వెనక 36 మీద ఉంచి, క్యాచర్‌కీ చైన్‌కీ మధ్య విజిటింగ్ కార్డు దూరేంత సందు వదలండి. స్క్రూని తిప్పిన పావులో సగం వెనక్కి తిప్పండి. ఇక తారు అయిపోయే చోటు కనబడగానే, పెడల్ మీద బలం తగ్గించి, కంకర తగలకముందే 30కి దించేయండి.