వింగ్ కమాండర్ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? అసలు సిరీస్ ఎందుకు ఆగిపోయింది?

రెట్రోపిచ్చోడు:
స్టార్ సిటిజన్ అనే స్పేస్ గేమ్ గురించి చదువుతూ చదువుతూ, దాన్ని తీస్తున్న క్రిస్ రాబర్ట్స్ పాత గేమ్, అంతరిక్షంలో ఫైటర్ ఓడ నడిపి యుద్ధం చేసే వింగ్ కమాండర్ దగ్గర తేలాను. 1990లో మొదలై 1997కల్లా ఐదు మెయిన్ గేమ్‌లు, పక్కన అకాడమీ, ప్రైవటీర్, ఆర్మడా అంటూ ఇంకొన్ని, ఆ తర్వాత చూస్తే దాదాపు ఖాళీ. అంత పేరున్న సిరీస్ ఎలా ఆగిపోయింది? 1999లో వచ్చిన సినిమా ఫ్లాప్ అవడమే కారణమంటున్నారు, నిజమేనా? ఇంకోటి, వరసగా ఒకటి నుంచి ఆడాలా, నేరుగా మూడుకి వెళ్లిపోవచ్చా? మొదటిదాని స్క్రీన్‌షాట్లు చూస్తే కొంచెం భయమేసింది.

కిల్రాతీవేట:
సినిమాని తిట్టడం తేలికే గానీ అది థియేటర్లకు వచ్చేసరికి పని అయిపోయింది. రాబర్ట్స్ 1996లోనే ఈ గేమ్‌లు తీసిన కంపెనీ ఆరిజిన్ నుంచి బయటికి వచ్చేశాడు, ఐదో గేమ్ ప్రాఫెసీ ఆయన లేకుండానే తీశారు, దాని కొనసాగింపు సీక్రెట్ ఆప్స్ 1998లో ఇంటర్నెట్‌లో ఫ్రీగా, ఎపిసోడ్లుగా వదిలారు. అంతే.

నన్నడిగితే సిరీస్‌ని ముంచింది నటులూ కెమెరాలూ. మొదటి గేమ్‌లో ఓడిపోవడానికి కూడా ఒక దారి ఉండేది. మిషన్ పోతే గేమ్ ఓవర్ కాదు, యుద్ధం మనకు ఎదురుతిరిగి ఇంకో గ్రహ వ్యవస్థకి పోతాం, అక్కడా ఓడితే ఇంకా దిగజారి చివరికి యుద్ధం జరిగే వేగా సెక్టార్‌నే వదిలి పారిపోవాల్సిందే. తోడుగా వచ్చిన వింగ్‌మన్ చస్తే అంత్యక్రియల సీన్ వస్తుంది, ఆ తర్వాత మిగతా గేమ్ అంతా అతను ఉండడు. రెండో గేమ్‌కి (1991) కథ పెరిగింది, ఈ స్వేచ్ఛ తగ్గింది, ఎవరు ఎప్పుడు చావాలో రచయితలే రాసిపెట్టేశారు. మూడోదానికి (1994) వీడియో సీన్లలో నటించడానికి సినిమా నటులు మార్క్ హామిల్, మాల్కం మెక్‌డొవెల్ వచ్చారు, నాలుగు సీడీలు. నాలుగోదానికి నిజం సెట్లు వేసి ఫిల్మ్ మీద షూట్ చేశారు, ఖర్చు సుమారు కోటీ 20 లక్షల డాలర్లు, ఆరు సీడీలు, కానీ ఎగిరే భాగానికి మాత్రం మూడో గేమ్ ఇంజినే మళ్లీ వాడారు! డబ్బు ఎటు పోయిందో దాన్నిబట్టే తెలియట్లేదా?

నెబ్యులా_నాని:
పై పోస్ట్‌తో సగమే ఒప్పుకుంటా. ఓటమి దారి గొప్ప ఆలోచనే, కానీ నిజం చెప్పండి, మిషన్ పోతే సేవ్ ఫైల్ మళ్లీ లోడ్ చేయకుండా ముందుకెళ్లేవాళ్లు ఎంతమంది? నాలుగులో మన ప్రభుత్వం పక్షానే ఉండాలా, దానికి ఎదురుతిరిగిన సరిహద్దు గ్రహాలు బోర్డర్ వరల్డ్స్ వైపు తిరగాలా అన్న నిర్ణయం బరువుగా తగిలిందంటే ఆ నటుల వల్లే.

సిరీస్ ఆగడానికి పెద్ద కారణం ఈ స్పేస్ ఫైటర్ గేమ్‌ల జానరే ఎండిపోవడం అనుకుంటా. అప్పటికి చాలామంది మౌస్, కీబోర్డ్‌తో ఆడే షూటర్లకీ స్ట్రాటజీ గేమ్‌లకీ మళ్లారు, జాయ్‌స్టిక్ కొనేవాళ్లు తగ్గారు. ఇదే రకం గేమ్ ఫ్రీస్పేస్ 2 చూడండి, 1999లో వచ్చింది, అందులో సినిమా నటులెవరూ తెర మీదికి రారు, ఎగరడంలో దానికి ఇప్పటికీ పోటీ తక్కువ, రివ్యూలు అదిరిపోయాయి. అయినా అమ్ముడుపోలేదు. మరి దానికేం చెప్తారు?

కిల్రాతీవేట:
సరే, జానర్ సంగతి ఒప్పుకుంటా. కానీ చిన్న బడ్జెట్ అయితే తక్కువ అమ్మకాలతోనైనా బండి నడుస్తుంది, అంత ఖర్చుపెట్టాక ప్రతిదీ సూపర్‌హిట్ కావాల్సిందే.

డాస్‌బాక్స్‌దాసు:
మీ గొడవలో అడిగినాయన రెండో ప్రశ్న గాల్లో కలిసిపోయింది. బ్రో, ఒకటి నుంచే మొదలెట్టు. పాత గేమ్‌లు అమ్మే సైట్ జీఓజీలో మొదటి రెండూ ఒకే ప్యాక్‌గా ఉంటాయి. మొదటిదాంట్లో ఓడలేవీ పాలిగన్‌లతో కట్టిన 3డీ బొమ్మలు కావు, రకరకాల కోణాల్లో ముందే గీసిపెట్టుకున్న బొమ్మల్ని పెద్దవి చిన్నవి చేసి చూపిస్తారు, దగ్గరికొస్తే చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి, కాసేపటికి అలవాటైపోతుంది. ఒక్క జాగ్రత్త, ఆ గేమ్ వేగం ప్రాసెసర్ వేగాన్ని బట్టి ఉంటుంది, మరీ పరిగెడుతుంటే పాత డాస్ గేమ్‌లని ఇప్పటి కంప్యూటర్లలో నడిపే డాస్‌బాక్స్‌లో సైకిల్స్ (వేగం సెట్టింగ్) తగ్గించుకో.

దీని గురించి ఒక సరదా సంగతి కూడా ఉంది. గేమ్ మూసేటప్పుడు మెమరీ మేనేజర్ ఎర్రర్ ఒకటి వచ్చేదట, సరిచేసే టైం లేక ఆ ఎర్రర్ మెసేజ్‌నే మార్చి ‘వింగ్ కమాండర్ ఆడినందుకు థాంక్స్’ అని కనిపించేలా చేశారని ప్రోగ్రామర్ కెన్ డెమరెస్ట్ తర్వాత చెప్పాడు :)

రెండో గేమ్ కథ కోసం ఆడు, దాని వల్లే మూడులో ఎవరు ఎవరో తెలుస్తుంది. అకాడమీ, ఆర్మడా వదిలేసినా నష్టం లేదు. ప్రైవటీర్ (1993) మాత్రం వదలకు, సరుకు రవాణా, దొంగలతో కొట్లాట, నీ ఇష్టం.

రెట్రోపిచ్చోడు:
థాంక్స్ అందరికీ, ఒకటి ఇన్‌స్టాల్ అవుతోంది. జాయ్‌స్టిక్ లేదు, పర్లేదా?

డాస్‌బాక్స్‌దాసు:
మొదటిదానికి మౌస్ సరిపోతుంది. వింగ్‌మన్‌గా మేనియాక్ అనే పైలట్‌ని ఇస్తే మాత్రం ఆర్డర్లు వింటాడని ఆశపెట్టుకోకు.