పదో తరగతితో లెక్కలు వదిలేసినవాళ్లకు గణిత మోడలింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

సుద్దముక్క:
నేను లెక్కల మాస్టారిని. వచ్చే నెల మా యూనివర్సిటీలో రెండు రోజుల గణిత మోడలింగ్ (నిజంగా జరిగేదాన్ని లెక్కల్లో పెట్టి చూడటం) వర్క్‌షాప్ నా నెత్తిన పడింది. వచ్చేది ముప్పై మంది పీహెచ్‌డీ వాళ్లు: జువాలజీ, వ్యవసాయం, ఎకనామిక్స్, సోషియాలజీ, ఇద్దరు సివిల్ ఇంజినీర్లు. సగం మంది ఇంటర్‌లో బైపీసీ, సీఈసీ; లెక్కలకు పదో తరగతిలోనే దండం పెట్టేశారు. పోయినేడాది పొద్దున్నే బోర్డు మీద డీఎక్స్ బై డీటీ (కాలంతో ఒకటి ఎంత వేగంగా మారుతుందో చెప్పే గుర్తు) రాశాను. భోజనాలయ్యాక చూస్తే వెనక మూడు వరుసలు ఖాళీ. ఉన్నవాళ్లలో ఒకమ్మాయి "సర్, ఇది పరీక్షకు వస్తుందా?" అంది. అసలు పరీక్షే లేదు! ఈసారి ఎలా మొదలుపెట్టమంటారు?

దోమలావిడ:
సర్, నేనూ బైపీసీనే. పని దోమల మీద. ముందు రొనాల్డ్ రాస్ సంగతి చెప్పండి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసినాయనగా మనకు తెలుసు. వృత్తికి డాక్టరే అయినా తర్వాత కూర్చుని సమీకరణాలు రాశాడు. మలేరియా పోవాలంటే ఆఖరి దోమ దాకా చంపనక్కర్లేదు, ఓ హద్దు కిందికి తెస్తే చాలని వాదించాడు. 1911లో వేసిన పుస్తకంలో ఆ లెక్క ఉంది.

ఆ తర్వాత పాచికలు తీయండి. రోగిని కుట్టిన దోమ వెంటనే ఇంకొకరికి అంటించలేదు. క్రిమి దాని ఒంట్లో ఎదగడానికి సుమారు పది రోజులు పడుతుంది. ఈలోగా దోమ చస్తే అంతే సంగతులు. ముప్పై మందిని నిలబెట్టి తలా ఒక లూడో పాచిక ఇవ్వండి. ఒక్కో విసురు ఒక్కో రోజు. ఒకటి పడితే చచ్చినట్టు, కూర్చోవాలి. మా డిపార్ట్‌మెంట్‌లో ఆడినప్పుడు పది విసుర్లయ్యాక నలుగురు మిగిలారు. లెక్క ప్రకారం ఐదుగురు ఉండాలి.

ఇప్పుడు మందు కొట్టామనుకుని, ఒకటి పడ్డా రెండు పడ్డా కూర్చోమనండి. రోజూ చచ్చేవి రెట్టింపు కాబట్టి మిగిలేవి సగమవుతాయని అందరూ అంటారు. మేం ఎనిమిదో విసురుకే అందరం కూర్చున్నాం! అదెలా అని గోల మొదలవుతుంది. అప్పుడు ఫోన్లో క్యాలిక్యులేటర్ తీయించండి. ముప్పైని ఐదు బై ఆరుతో పదిసార్లు గుణిస్తే దాదాపు ఐదు. రెండు బై మూడుతో పదిసార్లు గుణిస్తే అరకు కాస్త ఎక్కువ, అంతే. డీటీ సంగతి రెండో రోజు చూసుకోవచ్చు.

రూపాయిబిళ్ల:
ఆట బాగుంది మేడం. కానీ ముసలి దోమకీ కుర్ర దోమకీ ఒకే పాచికా? మా ఎకనామిక్స్ వాళ్లు ఐదు నిమిషాల్లో పట్టేస్తారు.

దోమలావిడ:
పట్టుకోనివ్వండి, నాకు కావాల్సిందీ అదే. బోర్డు మీద ఓ మూల "మనం అనుకున్నవి" అని రాసి, ఎవరు ఏది పట్టుకుంటే అది చేర్చండి. వయసు, వాన, గుడ్లు, ఏదైనా సరే. అన్నీ ఆటలోకి లాగితే మాత్రం చిక్కే. నేను పీహెచ్‌డీలో పదకొండు పారామీటర్లు (మోడల్‌లో మనం విలువ ఇవ్వాల్సిన అంకెలు) పెట్టుకుని, నాలుగింటికే డేటా దొరికి, ఏడాది పోగొట్టుకున్నాను.

సుద్దముక్క:
నిన్న టీ టైంలో వ్యవసాయం కుర్రాడొకడితో ఆడి చూశాను. మూడో విసురుకే ఆపేశాడు. "పత్తిలో గులాబీ రంగు పురుగు కాయలోపల దాక్కుంటుంది సర్, మందు కొట్టినా దానికి తగలదు. లోపలున్నదానికి వేరే పాచిక కావాలి" అన్నాడు. ఆ రెండో పాచికలో ఎన్ని ముఖాలుండాలో తేలేలోపు టీ చల్లారిపోయింది.

ముప్పై పాచికలు ఎక్కడ దొరుకుతాయో ఎవరైనా చెప్పండి. బిల్లిచ్చే కొట్టయితే మేలు. ఆఫీసులో దీన్ని ఏ పద్దులో రాయాలో మళ్లీ అదో టెన్షన్.